విండ్‌రష్ ఒడ్డున చిన్న చర్చిలు

ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ నగరానికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరాన బర్‌ఫర్డ్ అనే పాత ఊరు ఉంది. ఆ ఊరి దిగువన విండ్‌రష్ ఏరు పారుతుంది. ఏటి వెంట తూర్పు దిక్కుగా నడుచుకుంటూ పోతే విడ్‌ఫర్డ్, స్విన్‌బ్రుక్, ఆస్తల్, మిన్‌స్టర్ లోవెల్ ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. మొత్తం దారి పది కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. బర్‌ఫర్డ్‌తో కలిపి దారిలో అయిదు చర్చిలున్నాయి. మొదటిది పెద్దది, డబ్బున్న ఊరిది. మిగతావి పల్లె చర్చిలు. ఏ చర్చి ఈనాటికి ఏ రూపంలో మిగిలిందన్నది ఆ ఊరికి సొమ్ము ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అన్నదాని మీద ఆధారపడింది. ఈ సంగతి పుస్తకంలో చదవడం కన్నా వరసగా నడిచి చూస్తే తేటగా తెలుస్తుంది.

విండ్‌రష్ పెద్ద నదేమీ కాదు. గ్లౌస్టర్‌షైర్‌లో స్నోస్‌హిల్ దగ్గరి గుట్టల్లో పుట్టి, బోర్టన్ ఆన్ ది వాటర్, బర్‌ఫర్డ్, విట్నీ ఊళ్ల మీదుగా పారి న్యూబ్రిడ్జ్ దగ్గర థేమ్స్‌లో కలుస్తుంది. ఈ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం ఒక ఓడ వల్ల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ స్వాధీనం చేసుకున్న ఒక జర్మన్ ఓడకు ఈ ఏటి పేరు తగిలించి ‘ఎంపైర్ విండ్‌రష్’ అన్నారు. 1948 జూన్‌లో అది జమైకా తదితర కరీబియన్ దీవుల నుంచి వందలాది మందిని లండన్ దగ్గరి టిల్‌బరీ రేవులో దించింది. అప్పటి నుంచి బ్రిటన్‌లో స్థిరపడిన ఆ కరీబియన్ తరాన్నే ‘విండ్‌రష్ తరం’ అంటున్నారు. ఆ మాట రోజూ వాడేవాళ్లలో చాలామంది ఈ ఏటిని చూసి ఉండరు.

ఈ ప్రాంతాన్ని కాట్స్‌వోల్డ్స్ అంటారు. నేల కింద ఉన్నదంతా సున్నపురాయి. కోట్ల సంవత్సరాల కిందట, జురాసిక్ యుగంలో, వెచ్చని లోతులేని సముద్రం అడుగున పేరుకున్నది. తవ్వి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. రంగు పచ్చితేనె రంగు. బర్‌ఫర్డ్‌కు ఎగువన ఉన్న టేంటన్ గనుల రాయి ఆక్స్‌ఫర్డ్ కాలేజీల దాకా వెళ్లింది. బర్‌ఫర్డ్ దగ్గర సొంత గని ఉన్న క్రిస్టఫర్ కెంప్‌స్టర్ అనే రాతి మేస్త్రీ లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కట్టుబడిలో వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ దగ్గర పనిచేశాడు. గోడలే కాదు, పైకప్పులూ రాతివే. పొరలు పొరలుగా ఉండే రాతిని శీతాకాలంలో తడిపి ఆరుబయట వదిలేసేవారు. పొరల మధ్య నీరు గడ్డకట్టి ఉబ్బితే రాయి పలకలుగా విచ్చుకునేది. ఆ పలకలనే సైజువారీగా ఏరి, చూరు దగ్గర పెద్దవి, పైకి పోయే కొద్దీ చిన్నవి పేర్చేవారు. ఇల్లయినా, పశువుల కొట్టమైనా, చర్చయినా ఒకే రాయి, ఒకే కప్పు కావడంతో ఊరంతా ఒక్క నేలలోంచి మొలిచినట్టు కనిపిస్తుంది.

రాయి నేల ఇచ్చింది, సొమ్ము గొర్రె ఇచ్చింది. సున్నపు నేల మీద పెరిగే పొట్టి గడ్డి గొర్రెలకు బాగా పడుతుంది. పొడవాటి బొచ్చుండే కాట్స్‌వోల్డ్ గొర్రె ఉన్నికి మధ్యయుగాల్లో ఇటలీ, ఫ్లాండర్స్ నేతపనివాళ్ల దగ్గర మంచి గిరాకీ ఉండేది. లండన్‌లో ప్రభువుల సభకు అధ్యక్షత వహించేవారు నేటికీ ఉన్ని కూరిన ఎర్రటి ఆసనం మీద కూర్చుంటారు. ఒకప్పుడు దేశానికి ఉన్ని ఎంత ముఖ్యమో ఆ ఆసనం చెబుతుంది. 14, 15 శతాబ్దాల్లో ఉన్ని వర్తకులు తమ లాభాల్లో కొంత చర్చిలకు ధారపోశారు. కొత్త నడవలు, ఎత్తయిన కిటికీలు, బురుజులు ఆ సొమ్ముతో లేచినవే.

బర్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్ ది బాప్టిస్ట్ చర్చి అందుకు చక్కని సాక్ష్యం. నడిమి బురుజు 12వ శతాబ్దపు నార్మన్ కట్టడం. దానిమీద సన్నగా లేచిన శిఖరం 15వ శతాబ్దానిది. వర్తక సంఘం కోసం మొదట విడిగా కట్టుకున్న ప్రార్థన మందిరాన్ని తర్వాత చర్చిలో కలిపేశారు. అందుకే లోపల అడుగుపెడితే దారి ఎటు పోతుందో వెంటనే అంతుపట్టదు. మెట్లు, మలుపులు, ఒకదానిలోంచి ఒకటి తెరుచుకునే గదులు. బయట సమాధుల తోటలో కొన్ని పెట్టె సమాధుల మీద సగం స్తంభంలా గుండ్రటి రాతి మూతలుంటాయి. ఆ మూతల మీద గాళ్లు చెక్కి ఉంటాయి. అవి తాళ్లతో బిగించిన ఉన్ని బేళ్లని ఊరివాళ్ల నమ్మకం. వాటి కింద ఉన్నవాళ్లలో వర్తకులు చాలామందే కాబట్టి ఆ నమ్మకాన్ని కాదనాలనిపించదు.

ఉత్తరపు గదిలో జడ్జి సర్ లారెన్స్ టాన్‌ఫీల్డ్ సమాధి ఉంది. ఆయన 1625లో చనిపోగా భార్య ఎలిజబెత్ 1628లో దాన్ని కట్టించింది. నల్లరాతి స్తంభాల పందిరి కింద దంపతుల బొమ్మలు పూర్తి దర్జాతో పడుకుని ఉంటాయి. వంగి కింది అరలోకి చూస్తే చెక్కిన అస్థిపంజరం కనిపిస్తుంది. తలవైపు మోకరిల్లిన ఆడమనిషి వాళ్ల కూతురు ఎలిజబెత్ కేరీ. ఆమె రాసిన ‘ది ట్రాజెడీ ఆఫ్ మారియమ్’ నాటకం 1613లో అచ్చయింది. ఇంగ్లిషులో ఒక స్త్రీ సొంతంగా రాసి అచ్చయిన మొదటి నాటకం అదే. టాన్‌ఫీల్డ్ దంపతులంటే ఊరివాళ్లకు పడేది కాదు. సమాధిని చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం తల్లిదండ్రుల కన్నా ఎక్కువ సేపు కూతురి దగ్గర నిలబడతారు. అది న్యాయమే.

ఈ చర్చిలో అన్నిటికన్నా విలువైనది ఒక చిన్న గీత. 1649 మే నెలలో పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ సైన్యంలో కొన్ని దళాలు తిరగబడ్డాయి. బాకీపడ్డ జీతాలు ఇవ్వలేదు, ఐర్లండ్ యుద్ధానికి బలవంతంగా పంపుతున్నారు అన్నవి వాళ్ల ఫిర్యాదులు. సామాన్యులకూ ఓటుండాలి, ఎవరి విశ్వాసం వాళ్లను ఆచరించుకోనివ్వాలి అన్న లెవెలర్లు అనే రాజకీయ ఉద్యమకారుల వాదం కూడా వాళ్లకు బలంగా ఎక్కింది. క్రామ్‌వెల్ రాత్రికి రాత్రి వచ్చిపడి, దొరికిన సుమారు 340 మందిని ఈ చర్చిలో పెట్టి తాళం వేయించాడు. మే 17న కార్నెట్ జేమ్స్ థాంప్సన్, కార్పొరల్ పెర్కిన్స్, జాన్ చర్చ్ అనే ముగ్గురిని సమాధుల తోటలో గోడకు నిలబెట్టి కాల్చారు. మిగతా బందీలను చర్చి కప్పు మీదికి ఎక్కించి చూడమన్నారు. బందీల్లో ఆంథొనీ సెడ్లీ అనే అతను బాప్తిస్మపు తొట్టికి ఉన్న సీసపు రేకు మీద తన పేరు, 1649 సంవత్సరం, తాను ఖైదీనన్న మాట గీశాడు. ఖైదీ అనే మాటలో ఒక అక్షరం తప్పిపోయింది. మొరటు అక్షరాలు, ఒత్తిడి ఎక్కువ. ఆ రేకు మీద వేలు ఆనిస్తే గీత ఇంకా తగులుతుంది. 1975 నుంచి ఏటా మే నెలలో ఆ ముగ్గురినీ తలచుకుంటూ ఊళ్లో సభ జరుగుతోంది.

సంపన్నమైన చర్చికి ఉండే చిక్కు కూడా బర్‌ఫర్డ్‌లోనే తెలుస్తుంది. 1870లలో వాస్తుశిల్పి జి. ఇ. స్ట్రీట్ ఆధ్వర్యంలో దీన్ని ‘పునరుద్ధరించారు’. లోపలి గోడల పాత గచ్చు గీకేయించారు. 1876లో ఇటుగా వచ్చిన కవి, కళాకారుడు విలియం మోరిస్ అది చూసి మండిపడ్డాడు. ఆయన ఇల్లు దక్షిణాన కెల్మ్‌స్కాట్‌లో, ఇక్కడికి దగ్గరే. పాత కట్టడాలను కొత్తగా చేయవద్దు, ఉన్నదాన్ని పాడవకుండా కాపాడితే చాలు అని వాదిస్తూ మరుసటి ఏడాది, 1877లో, ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం నేటికీ పనిచేస్తోంది. గచ్చు గీకించడానికైనా డబ్బు కావాలి. ఇక్కడి నుంచి దిగువకు పోతే ఆ డబ్బు లేని చర్చి వస్తుంది.

బర్‌ఫర్డ్ దాటగానే దారి పచ్చిక మైదానాల్లోకి దిగుతుంది. ఇంగ్లండ్‌లో పొలం ఎవరిదైనా అందులోని కాలిదారి మాత్రం అందరిదీ. తరతరాలుగా జనం నడిచిన దారి మీద నడిచే హక్కు చట్టపరంగా నిలుస్తుంది. 1949లో వచ్చిన చట్టం అలాంటి దారులన్నిటినీ గుర్తించి పటాల్లో ఎక్కించాలని కౌంటీ కౌన్సిళ్లను ఆదేశించింది. ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల 1:25,000 పటంలో అవి ఆకుపచ్చని చుక్కగీతలుగా కనిపిస్తాయి. రైతు దారికి అడ్డంగా దున్నితే మళ్లీ నడిచేందుకు వీలుగా సరిచేయడం కూడా అతని బాధ్యతే. ఆదివారాలు చర్చికి వెళ్లేందుకు, శవాన్ని మోసుకుపోయేందుకు, మరకు ధాన్యం తీసుకెళ్లేందుకు పడిన దారులు ఇలా బతికి ఉన్నాయి. ఈ నడక సాధ్యమైంది ఆ హక్కు వల్లనే. కంచె అడ్డం వచ్చినచోట ‘స్టైల్’ అనే రెండు చెక్కమెట్లో, ‘కిస్సింగ్ గేట్’ అనే తలుపో ఉంటుంది. ఆ తలుపు ఒక అరచందమామ ఆకారపు చట్రంలో ఇటూ అటూ మాత్రమే కదులుతుంది. మనిషి చట్రంలో ఒదిగి నిలబడి, తలుపును తనను దాటించి నెట్టి, అవతలి పక్కకు జారిపోవాలి. వంగి తిరగలేని ఆవుకూ గొర్రెకూ అది లొంగదు. తాళం అక్కర్లేదు, మూయడం మరిచిపోయే బెంగా లేదు.

ఏరు ఇక్కడ తొందరపడదు. వంకలు తిరుగుతూ, కొన్నిచోట్ల రెండు పాయలై పారుతుంది. ఒడ్డున విల్లో చెట్లు మొండెం మీద గుబురు మొలిచినట్టు ఉంటాయి. కాండాన్ని మనిషి ఎత్తులో నరికితే మీదనుంచి కొత్త కొమ్మలు వస్తాయి. అంత ఎత్తున ఉంటే పశువులు లేత చిగుళ్లు మేయలేవు. ఆ కొమ్మలను కొన్నేళ్లకోసారి కోసి తడికలకూ కంచెలకూ వాడేవారు. క్రికెట్ బ్యాట్లు చేసే చెట్టు కూడా విల్లోల్లోనే ఒక రకం. ఓపిగ్గా నిలబడితే నీలం మెరుపులా దూసుకుపోయే లకుముకి పిట్ట కనిపిస్తుంది. అయితే ఈ నీటి గురించి నిజం చెప్పుకోవాలి. అడుగు కనిపించేంత తేటగా, ట్రౌట్ చేపలకు పేరుపడ్డ ఈ ఏరు ఇటీవలి సంవత్సరాల్లో చాలాచోట్ల మసకబారింది. వానలు పడ్డప్పుడు శుద్ధి చేయని మురుగునీటిని ఏట్లోకి వదలడమే ప్రధాన కారణమని ఒడ్డు ఊళ్లవాళ్లు లెక్కలు సేకరించి గట్టిగా పోరాడుతున్నారు. దేశమంతా నదుల మురుగు గురించి మాట్లాడుకునేలా చేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

రెండు కిలోమీటర్లు నడిస్తే విడ్‌ఫర్డ్. ఇక్కడ ఊరు లేదు. ఏటి పక్కన పాత మర, కొద్దిపాటి ఇళ్లు, వంతెన దాటాక పచ్చిక చెలకలో ఒంటరిగా ఒక చిన్న చర్చి. చుట్టూ నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ దిబ్బల మధ్య ఇళ్ల పునాదులు, వీధి గాడి పోల్చుకోవచ్చు. మధ్యయుగంలో ఇక్కడ ఊరుండేది. 1348–50 నాటి ప్లేగుకో, తర్వాత సేద్యపు నేలలు గొర్రెల బీళ్లుగా మారడానికో అది ఖాళీ అయిందని అనుకుంటారు. రెండూ కలిసే ఊరిని తుడిచిపెట్టి ఉండవచ్చు.

ఈ చర్చి సెయింట్ ఓస్వాల్డ్ పేరు మీద ఉంది. ఓస్వాల్డ్ 642లో యుద్ధంలో చనిపోయిన నార్తంబ్రియా రాజు. ఆయన అవశేషాలను 909లో గ్లౌస్టర్‌కు తరలించారు. దారిలో మోసేవాళ్లు ఇక్కడ దించి అలుపు తీర్చుకున్నారని స్థానిక ఐతిహ్యం. ఐతిహ్యం సంగతి ఎలా ఉన్నా, విడ్‌ఫర్డ్ గ్లౌస్టర్‌లోని సెయింట్ ఓస్వాల్డ్ మఠం ఆస్తి అన్నది నిజం. ఆ కారణంగానే చుట్టూ ఆక్స్‌ఫర్డ్‌షైర్ ఉన్నా ఈ చిన్న ముక్క 1844 దాకా గ్లౌస్టర్‌షైర్ కింద లెక్కలో ఉంది.

చర్చికి బురుజు లేదు. కప్పు కొసన గంట వేలాడదీసే చిన్న రాతి గూడు మాత్రం ఉంది. గోడల్లో ఎక్కువ భాగం 13వ శతాబ్దానివి. లోపల పాతకాలపు చెక్క బెంచీలు నడుమెత్తు పలకలతో, తలుపులతో గదుల్లా కట్టి ఉంటాయి. చలిగాలి కాళ్లకు తగలకుండా ఒక్కో కుటుంబం ఒక్కోదాంట్లో కూర్చునేది. తలుపు తీయగానే చూపు పడే ఎదుటి గోడ మీద 14వ శతాబ్దపు చిత్రం మసకగా కనిపిస్తుంది. భుజాన బాల యేసును మోస్తూ ఏరు దాటుతున్న సెయింట్ క్రిస్టఫర్. అతన్ని చూసిన రోజున పాపపు ఒప్పుకోలు లేకుండా హఠాత్తుగా చనిపోవడమనేది జరగదని ఆనాటి నమ్మకం. అందుకే ఇంగ్లండ్‌లో చాలా చర్చిల్లో అతన్ని వాకిలికి ఎదురుగా, తల లోపలికి పెట్టి చూసి పోయేవాళ్లకు కూడా కనిపించేలా గీశారు. వంతెన మీద కాక నీళ్లలో దిగి దాటాల్సి వచ్చే ఊళ్లో అతని బొమ్మకు ఎంత విలువుండేదో ఊహించవచ్చు.

బలిపీఠం ఉండే భాగంలో ముగ్గురు బతికున్నవాళ్లు, ముగ్గురు చనిపోయినవాళ్లు అనే చిత్రం ఉంది. వేటకు బయల్దేరిన ముగ్గురు రాజులకు దారిలో మూడు అస్థిపంజరాలు ఎదురవుతాయి. నిన్న మేమూ మీలాగే ఉన్నాం, రేపు మీరూ మాలాగే అవుతారు అని అవి హెచ్చరిస్తాయి. ప్లేగు కాలంలో ఐరోపా అంతటా పాకిన కథ ఇది. మిగిలింది చాలా కొద్ది. ఎర్రమట్టి రంగు గీతలు, ఒక కిరీటం అంచు, పక్కటెముకల వరస. అయినా కథ తెలిసి చూస్తే బొమ్మ నెమ్మదిగా కుదురుకుంటుంది. 16వ శతాబ్దంలో ప్రొటెస్టెంట్ సంస్కరణ వచ్చాక ఇలాంటి బొమ్మలను విగ్రహారాధనగా భావించి సున్నం కొట్టించారు. బొమ్మలను చెరిపేయడానికి కొట్టిన ఆ సున్నమే వాటిని గాలికీ తేమకూ దూరంగా శతాబ్దాల పాటు దాచింది.

19వ శతాబ్దంలో జనం లేక చర్చి వాడుక తప్పిపోయింది. విక్టోరియా కాలంలో ఇంగ్లండ్‌లో వేల చర్చిల గోడలు గీకి, పాత బెంచీలు పీకి, కొత్త టైల్స్ పరిచారు. విడ్‌ఫర్డ్‌కు ఆ ఖర్చు పెట్టేవాళ్లే లేరు. 1904లో మరమ్మతు మొదలుపెట్టినప్పుడు సున్నం కింద బొమ్మలు, బలిపీఠం దగ్గర నేల కింద రోమన్ కాలపు మొజాయిక్ గచ్చు బయటపడ్డాయి. చర్చి కట్టిన చోట అంతకుముందు రోమన్ల ఇల్లు ఉండేదన్నమాట. రోమన్ల గచ్చు, మఠం ఆస్తి, ప్లేగు నాటి బొమ్మ, కుటుంబాల బెంచీలు, వదిలేసిన ఊరు. ఇన్ని కాలాలు ఒక్క గదిలో, గీకకుండా, సర్దకుండా మిగిలిన చోటు ఈ దారిలో మరొకటి లేదు. సమయం తక్కువుంటే మిగతావన్నీ వదిలేసి ఇక్కడ గంటసేపు కూర్చోవడం మేలు.

చెలక మీదుగా మరో కిలోమీటరు నడిస్తే స్విన్‌బ్రుక్. సెయింట్ మేరీ చర్చి బయటి నుంచి చూస్తే మామూలుగానే ఉంటుంది. బలిపీఠం పక్క గోడకు రెండు రాతి కట్టడాలున్నాయి. ఒక్కోదాంట్లో మూడు అరలు, ఒక్కో అరలో కవచం తొడిగిన మగమనిషి మోచేతి మీద తల ఎత్తి పక్కకు ఒరిగి పడుకుని ఉంటాడు. రైలు బెర్తుల్లో నిద్రపట్టక కిటికీ వైపు చూస్తున్న ప్రయాణికుల్లా ఉంటారు. వీళ్లు ఈ ఊరి జమీందార్లు ఫెటిప్లేస్ వంశంవాళ్లు. మొదటి ముగ్గురి కట్టడం 1613 నాటిది. బొమ్మలు బిర్రుగా, ముగ్గురూ ఒకే అచ్చులో పోసినట్టు, చేయి ఆనిన చోట బరువే లేనట్టు ఉంటారు. రెండోది 1686 నాటిది, ఆక్స్‌ఫర్డ్ శిల్పి విలియం బర్డ్ చెక్కినది. ఇక్కడ నడుము ఒంపు, జుట్టు అలలు, మోకాలి సడలింపు తెలుస్తాయి. ఏడు దశాబ్దాల్లో ఒక ప్రాంతపు శిల్పం ఎంత నేర్చిందో పక్కపక్కనే పెట్టి చూపినట్టుంటుంది.

ఫెటిప్లేస్‌లకు చాలా కౌంటీల్లో భూములుండేవి. 19వ శతాబ్దం మొదలయ్యేసరికి వంశం మాసిపోయింది. చర్చి పక్కనే ఉన్న వాళ్ల మహల్‌ను కూల్చేశారు. ఇప్పుడు దాని జాడ దాదాపు లేదు. ఆరుగురు రాతి మనుషులు మాత్రం మిగిలారు. తూర్పు వైపు కిటికీల్లో ఉన్న మధ్యయుగపు రంగు అద్దాలకు వేరే గండం వచ్చింది. 1940లో ఊరి దగ్గర పడ్డ జర్మన్ బాంబు అదురుకు అవి పగిలిపోయాయి. చర్చి గురువు ఆ ముక్కలను ఏరి దాచగా, వాటిని కలిపి ఒక కిటికీలో బిగించారు. పాత బొమ్మల క్రమం పోయింది గానీ రంగులు దక్కాయి.

సమాధుల తోటలో ఎక్కువ మంది వెతికేది మిట్‌ఫర్డ్ అక్కచెల్లెళ్ల సమాధులు. వాళ్ల తండ్రి లార్డ్ రెడెస్‌డేల్‌కు ఆరుగురు కూతుళ్లు, ఒక కొడుకు. పెద్దమ్మాయి నాన్సీ నవలా రచయిత్రి. ‘ది పర్స్యూట్ ఆఫ్ లవ్’ 1945లో వచ్చింది. డయానా బ్రిటిష్ ఫాసిస్టు నాయకుడు ఓస్వాల్డ్ మోజ్లీని పెళ్లాడింది. యూనిటీ హిట్లర్ అనుచరురాలై, 1939 సెప్టెంబర్ 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించిన రోజున మ్యూనిక్‌లో తనను తాను కాల్చుకుంది. చావు తప్పినా ఆ గాయం విడవక 1948లో మరణించింది. జెస్సికా కమ్యూనిస్టై అమెరికాలో స్థిరపడింది. కొడుకు టామ్ 1945లో బర్మాలో యుద్ధంలో పోయాడు. చర్చి లోపల అతని స్మారక ఫలకం ఉంది. నాన్సీ, యూనిటీ, డయానా, పమేలా ఇక్కడే ఉన్నారు. నాన్సీ రాతి మీద శిలువ బదులు చుంచెలుకను పోలిన మోల్ అనే జంతువు బొమ్మ చెక్కి ఉంది. అది వాళ్ల కుటుంబ చిహ్నంలోది. రాజకీయం వాళ్లను బతికినంత కాలం విడదీసింది. ఇక్కడి రాళ్లు మాత్రం చిన్నవి, పచ్చికలో పచ్చికగా కలిసిపోయినవి. దేశం పత్రికల్లో దశాబ్దాలు నానిన పేర్లివి అని తెలియనివాళ్లు గమనించకుండానే దాటిపోతారు.

వంతెన దగ్గర స్వాన్ అనే పాత సత్రం ఉంది. మిట్‌ఫర్డ్‌ల చిన్నమ్మాయి, డెవన్‌షైర్ డచెస్ డెబోరా కొంతకాలం దాని యజమానురాలు. అక్కడ ఏరు దాటి దక్షిణపు ఒడ్డున నడిస్తే ఆస్తల్. మిట్‌ఫర్డ్ కుటుంబం 1919 నుంచి 1926 దాకా ఉన్న 17వ శతాబ్దపు మేనర్ అనే జమీందారీ భవనం చర్చిని ఆనుకునే ఉంది. పిల్లల కిటికీల్లోంచి సమాధుల తోట కనిపించేది. సెయింట్ నికొలస్ చర్చిలో 12వ శతాబ్దపు తోరణాలున్నాయి. ఉత్తరపు చిన్న గదిలో రాతిలో చెక్కిన 14వ శతాబ్దపు ఒక స్త్రీ మూర్తి ఉంది. 19వ శతాబ్దంలో దీన్ని బాగా సవరించారు. విడ్‌ఫర్డ్ చూసి వచ్చినవాళ్లకు ఇది కాస్త ఎక్కువ శుభ్రంగా అనిపిస్తుంది.

ఆస్తల్‌లో చర్చి కన్నా నేల పాతది. సెయింట్ ఆల్బన్స్ నుంచి సైరెన్‌సెస్టర్ వెళ్లే అకెమన్ స్ట్రీట్ అనే రోమన్ రోడ్డు విండ్‌రష్‌ను దాటింది ఇక్కడే. ఏరు దాటే చోట ఒక చిన్న రోమన్ పట్టణం ఉండేది. దక్షిణాన గట్టు మీద గుండ్రటి మట్టిదిబ్బ ఒకటి చెట్లతో కనిపిస్తుంది. 1923–24లో దాన్ని తవ్వితే 7వ శతాబ్దపు ఆంగ్లో శాక్సన్ పెద్దమనిషి దహన సంస్కారపు ఆనవాళ్లు దొరికాయి. బైజాంటియం నుంచి వచ్చిన కంచుపాత్ర ముక్కలు, ఎముకతో చేసిన ఆటబిళ్లలు వాటిలో ఉన్నాయి. అవి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్నాయి. చర్చి లేని రోజుల్లో కూడా ఈ లోయ దూరదేశాలతో సంబంధం తెంచుకోలేదు.

ఆస్తల్ నుంచి మిన్‌స్టర్ లోవెల్ దాకా నాలుగైదు కిలోమీటర్లు. నడకలో పొడవైన భాగం ఇదే. పొలాలు, వోర్షమ్ దగ్గర పాత మర, ఏటి వారన చిత్తడి నేలలు. చూడదగ్గ కట్టడాలు తక్కువ. చివర్లో చెట్ల మధ్య నుంచి విరిగిన బురుజు ఒకటి, దాని వెనుక నిండైన చర్చి బురుజు ఒకటి కనిపిస్తాయి. మొదటిది లోవెల్ ప్రభువుల మహల్ శిథిలం, రెండోది సెయింట్ కెనెల్మ్ చర్చి. రెండింటినీ కట్టించింది 1455లో మరణించిన విలియం లోవెల్. చర్చి ఒకే ఊపులో, ఒకే శైలిలో కట్టింది కావడంతో బర్‌ఫర్డ్‌లో ఉన్న గందరగోళం ఇక్కడ లేదు. శిలువ ఆకారపు అమరిక, నడిమధ్య బురుజు, దాని కింద నాలుగు స్తంభాలు. గోడ పక్కన పాలరాయి లాంటి తెల్లని ఆలబాస్టర్‌లో చెక్కిన వీరుడి మూర్తి చేతులు జోడించి పడుకుని ఉంటుంది. అది లోవెల్ వంశంవాడిదే. అతని పేరేమిటన్న దానిపై మాత్రం ఏకాభిప్రాయం లేదు.

విలియం మనవడు ఫ్రాన్సిస్ లోవెల్ మూడో రిచర్డ్ రాజుకు ప్రాణస్నేహితుడు. 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో రిచర్డ్ చనిపోయాక ఫ్రాన్సిస్ కొత్త రాజు ఏడో హెన్రీ మీద తిరుగుబాట్లు నడిపాడు. 1487లో స్టోక్ యుద్ధంలో ఓడి, గుర్రం మీద ట్రెంట్ నది దాటుతూ చివరిసారి కనిపించాడంటారు. ఆ తర్వాత ఏమయ్యాడో తెలియదు. 1708లో ఈ మహల్‌లో పొగగూడు కడుతుండగా నేలమాళిగ బయటపడిందని, అందులో బల్ల ముందు కూర్చున్న అస్థిపంజరం గాలి తగలగానే పొడిపొడి అయిందని కథ. దాక్కున్న ఫ్రాన్సిస్‌కు తాళంచెవి ఉన్న నమ్మకమైన సేవకుడు ఒక్కడే అన్నం పెట్టేవాడని, అతను చనిపోగా యజమాని ఆకలితో పోయాడని చిలవలు పలవలు చేరాయి. అయితే బాస్‌వర్త్ తర్వాతే ఈ ఆస్తిని జప్తు చేసి రాజు బాబాయి జాస్పర్ ట్యూడర్‌కు ఇచ్చారు. శత్రువు ఇంట్లో రహస్యంగా ఏళ్లు దాక్కోవడం కుదిరే పని కాదు. కథ మాత్రం మూడు శతాబ్దాలుగా జనాన్ని ఇక్కడికి రప్పిస్తోంది.

1740లలో అప్పటి యజమాని థామస్ కోక్ మహల్‌ను విడదీసి రాళ్లు ఇతర కట్టడాలకు తరలించాడు. ఏటి ఒడ్డున నిలిచిన పెద్ద హాలు గోడలు, ఆకాశంలోకి తెరుచుకున్న కిటికీలు, గుండ్రటి పావురాల గూడు మిగిలాయి. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ వాటిని చూసుకుంటోంది. ప్రవేశానికి రుసుము లేదు. పక్కనే చర్చిలో ప్రార్థనలు మానలేదు. స్విన్‌బ్రుక్‌లో లాగే ఇక్కడా మహల్ పోయి చర్చి ఉంది. కారణం కూడా ఒకటే. మహల్ ఒక కుటుంబానిది, ఆ కుటుంబం పోతే రాయిని అమ్ముకోవడానికి అడ్డెవరూ ఉండరు. చర్చి ఊరిది, అందులో ఊరి పెద్దలు, పిన్నలు పాతిపెట్టబడి ఉంటారు.

మిన్‌స్టర్ లోవెల్ నుంచి దిగువకు ఏరు విట్నీ చేరుతుంది. విండ్‌రష్ నీరు ఉన్ని కడగడానికి, నలగ్గొట్టడానికి బాగుంటుందన్న పేరుతో విట్నీ శతాబ్దాల పాటు దుప్పట్లు నేసింది. చివరి దుప్పటి మర 2002లో మూతపడింది. విట్నీ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు బస్సులు దొరుకుతాయి. బర్‌ఫర్డ్‌లో మొదలుపెట్టి విట్నీ దిశగా నడవడమే వీలు.

మే నుంచి సెప్టెంబర్ దాకా నడకకు అనువైన కాలం. శీతాకాలంలో ఏటి పక్క మైదానాలు నీటమునుగుతాయి కాబట్టి మోకాలెత్తు బూట్లున్నా కొన్ని చోట్ల రోడ్డు మీదికి మళ్లాల్సి వస్తుంది. చర్చి తలుపులు చాలావరకు పగలు తాళం లేకుండా ఉంటాయి. ఇనుప కడియాన్ని తిప్పితే లోపలి గొళ్లెం లేస్తుంది. విడ్‌ఫర్డ్‌లో గోడ బొమ్మలను చేత్తో తాకకూడదు, ఫ్లాష్ వేసి ఫొటోలు తీయకపోవడమే మంచిది. చర్చి మరమ్మతుల ఖర్చులో అధిక భాగం ఊరి సంఘమే భరిస్తుంది. లోపల గోడకు బిగించిన చిన్న పెట్టె అందుకోసమే.